నేను రాయని తద్దినం లెక్క

మా నాన్న తద్దినం మూడు రోజులు ఉందనగా, ఒక ఆదివారం పొద్దున, వంటింటి గోడకున్న క్యాలెండరు ముందు నిలబడి అలాగే ఉండిపోయాను. చేతిలో నువ్వుల డబ్బా ఉంది. తమ్ముడు బుధవారం అన్నాడు కాబట్టి బుధవారానికి ఏమేం కావాలో చూసుకుంటున్నాను. అలవాటు కొద్దీ ఆ గడి వైపు చూశాను. నవమి, పొద్దున తొమ్మిదిన్నర వరకే. దాని పై గడిలో, మంగళవారం, అష్టమి పదకొండు వరకు. అంటే నవమి మంగళవారం పదకొండుకు వచ్చి బుధవారం తొమ్మిదిన్నరకు వెళ్లిపోతుంది.

పండుగకైతే సూర్యోదయానికి ఏ తిథి ఉందో చూస్తారు. తద్దినానికి అలా కాదు. మధ్యాహ్నం పొద్దు వాలే వేళకు, భోక్తలు విస్తళ్ల ముందు కూర్చునే వేళకు, ఆ తిథి ఉండాలి. ఆ వేళనే అపరాహ్ణం అంటారు. బుధవారం ఆ వేళకు నవమి ఉండదు, దశమి వచ్చేసి ఉంటుంది. మా నాన్న నవమినాడు పోయారు. ఆయన తద్దినం మంగళవారం. ఇది తెలియడానికి పాండిత్యం అక్కర్లేదు. పురోహితుడి ఇంట్లో పుట్టిన పిల్లకు పన్నెండేళ్లకే తెలుస్తుంది.

తమ్ముడికి బుధవారం అని చెప్పింది నేను పనిచేసిన పంచాంగం సాఫ్ట్‌వేర్. అందులో తద్దినాల తిథి చెప్పే భాగం నా పేరు మీద ఉంది. ఆ భాగం నేను రాయలేదు. ఆ సంగతి అప్పటికి ఎనిమిది నెలలుగా నాకూ దేవుడికీ తప్ప ఎవరికీ తెలియదు.

మదనపల్లెలో ఉన్న తమ్ముడికి వెంటనే ఫోన్ చేశాను. వాడు అప్పటికే భోక్తలకు చెప్పేశాడు, ఆఫీసులో సెలవు పెట్టేశాడు. మంగళవారానికి మార్చమని చెప్పి, ఎందుకో వివరించాను. వాడు కోపం తెచ్చుకోలేదు. నవ్వాడు కూడా.

"నువ్వు జేసిందే గదక్కా ఈ యాప్," అన్నాడు. "నువ్వే తప్పంటే ఇంగ మేము యాడ సూడాల?"

ఫోన్ పెట్టేశాక నువ్వుల డబ్బా మూత ఎంతసేపటికీ పట్టలేదు. 

నాకు బడి లేదు. పుంగనూరుకు ఆరు మైళ్ల దూరంలో మా ఊరు. చిన్నప్పటి నుంచీ ఉబ్బసం. వేరుశనగ కాయలు రాల్చే రోజుల్లో ఆ దుమ్ముకు నాకు ఊపిరి ఆడేది కాదు, రోడ్డు వెంట బడికి నడిచే మాట అటుంచి. నాన్న మూడు ఊళ్లకు పురోహితుడు. పొద్దున సైకిలు మీద వెళ్లి మధ్యాహ్నానికి వచ్చి, అన్నం తిని, నన్ను కూర్చోబెట్టుకునేవారు. అక్షరాలు, లెక్కలు, తర్వాత పంచాంగం. వేళ్ల కణుపుల మీద తిథులు లెక్కపెట్టడం నేర్పారు. చదువు అంటే నాకు నాన్న గొంతు, పలక, బొటనవేలు కదిలే నాలుగు వేళ్లు.

ఆయనకు ఒక పద్ధతి ఉండేది. లెక్క తప్పయితే దిద్దేవారు. సరిగ్గా వస్తే మాత్రం పలక తుడిచి, అదే లెక్క మళ్లీ చెయ్యమనేవారు. తప్పు లెక్కను మళ్లీ చెయ్యమంటే న్యాయం, వచ్చినదాన్ని ఎందుకు చెయ్యాలని ఏడ్చేదాన్ని. "ఒకసారి వచ్చిందంటే పలకకు వచ్చినట్టు. తుడిచినాక వస్తేనే నీకు వచ్చినట్టు," అనేవారు. అప్పుడు కోపం వచ్చేది. ఇప్పుడు ఆ పలకను తలుచుకుని రోజూ దణ్ణం పెట్టుకుంటాను.

పెళ్లై పుంగనూరు వచ్చాను. మా ఆయన బస్సు కండక్టరు. మదనపల్లె, పుంగనూరు, పలమనేరు మీదుగా కుప్పం వెళ్లే బస్సులో ఆయన ఉద్యోగం. మా అమ్మాయి కాలేజీకి వెళ్తూ వదిలిపోయిన పాత ల్యాప్‌టాప్ ఇంట్లో ఉండేది. నాన్నకు కళ్లలో శుక్లాలు వచ్చి పంచాంగం చదవలేకపోతున్నప్పుడు, తిథులు చదివి వినిపించేందుకు ఉచితంగా దొరికే ఒక సాఫ్ట్‌వేర్ పెట్టాను. ఓపెన్ సోర్స్ అన్నారు. అంటే లోపలి రాత అందరికీ కనబడుతుంది, తప్పు కనబడితే ఎవరైనా దిద్ది పంపవచ్చు, నడిపేవాళ్లు చదివి, బాగుంటే చేర్చుకుంటారు. పుంగనూరు సూర్యోదయం అందులో కొన్ని నిమిషాలు తేడాగా ఉందని నాన్న విని కనిపెట్టారు. ఆ సంగతి తెలుగులోనే రాసి పంపాను.

జవాబు కుప్పం నుంచి వచ్చింది. రాసినాయన అక్కడ గడియారాలు బాగుచేస్తాడు. సాయిబు. సొంతంగా కంప్యూటరు నేర్చుకుని, నెలవంక కనబడే వేళ తెలుసుకోవడానికని చంద్రుడి లెక్క రాయడం మొదలుపెట్టి, చివరికి పంచాంగం నడిపే నలుగురైదుగురిలో పెద్దవాడయ్యాడు. నేను చెప్పింది నిజమేనని ఒప్పుకున్నాడు. తాను దిద్దితే పది నిమిషాల పని, మీరే దిద్దుతారా, నెల పట్టినా పర్వాలేదు, నేను చూస్తాను అని రాశాడు.

ఇరవై ఆరు రోజులు పట్టింది. నాలుగు లైన్లు మార్చడానికి. రోజూ ఏదో తప్పు పంపేదాన్ని. రోజూ ఒక ప్రశ్న తిరిగి వచ్చేది. తిట్టు ఒక్కటీ రాలేదు. నేను ఆయన్ను అన్నా అని రాసేదాన్ని, ఆయన అమ్మా అని రాసేవాడు. ఒకసారి ఏకాదశి లెక్క దగ్గర తడబడితే, "నాకు నెలవంక కావాల, నీకు ఏకాదశి కావాల. లెక్క తప్పితే ఇద్దరమూ పస్తే," అని రాశాడు. ఫోన్ చూసి ఒక్కదాన్నే నవ్వుకున్నాను. ఆ తర్వాత మూడేళ్లలో తిథుల భాగం నాకే అప్పజెప్పారు. కోడ్ సంగతి ఎన్ని ప్రశ్నలు వేసినా, శాస్త్రం సంగతి మాత్రం నీకే తెలుసమ్మా అని నా మీద వదిలేసేవాడు.

నాన్న ఒక పుష్యమాసంలో పోయారు. ఏడాది తిరిగి మొదటి తద్దినం అయ్యాక, ఆ భాగం సాఫ్ట్‌వేర్‌లో రాయాలని పూనుకున్నాను. ఆయనకు నేను చేయగలిగిన సేవ అదేననిపించింది. తద్దినం పెట్టేది తమ్ముడు, తిథి చెప్పేది నేను.

అది నాకు రాలేదు. మూడు వారాలు కూర్చున్నాను. పగలు ఒక్కో రోజు ఒక్కో పొడుగు, అపరాహ్ణం ఒక్కో రోజు ఒక్కో వేళ, తిథి రెండు రోజుల అపరాహ్ణంలోనూ ఉంటే ఒక నియమం, రెండింటిలోనూ లేకపోతే ఇంకో నియమం. రాసిందల్లా విరిగిపోయేది. అన్నను అడగవచ్చు. మూడేళ్లయినా ఇంకా అడుగుతుందే అనుకుంటాడని సిగ్గు. ఒక మధ్యాహ్నం, ఎండకు వీధి తలుపు వేసి, ఫోన్‌లో ఏఐని అడిగాను. ఒక నిమిషం కూడా పట్టలేదు. పొడుగ్గా, అందంగా రాసి ఇచ్చింది. నడిపి చూశాను, నడిచింది. నాన్న మొదటి తద్దినం ఏ రోజు వచ్చిందో అడిగాను, సరిగ్గా చెప్పింది. ఆ ఏడు నవమి పొద్దుటికీ మధ్యాహ్నానికీ ఒకే రోజు ఉంది కాబట్టి ఎలా లెక్కపెట్టినా అదే రోజు వస్తుందని నాకు తోచలేదు. అపరాహ్ణం అన్న మాట అందులో ఉంది. లెక్క మాత్రం సూర్యోదయానికే కట్టి ఉంది. చదివి ఉంటే కనబడేది. నేను చదవలేదు.

నా పేరు పెట్టి పంపాను. ఆ సాయంత్రం దీపం పెట్టి, పని పూర్తయినందుకు దేవుడికి కృతజ్ఞత కూడా చెప్పాను. ఇప్పుడు తలుచుకుంటే అన్నిటికంటే అదే భయం వేస్తుంది.

నాలుగో రోజు అన్న జవాబు వచ్చింది. "ఇన్నాళ్లు రాళ్లు ఏరినావు. ఈతూరి ఇల్లే కట్టినావమ్మా." మిగతావాళ్లకు కూడా నా గురించి గొప్పగా రాశాడు. ఆ మాటలు రెండోసారి చదవలేకపోయాను.

శ్రావణంలో కొత్త నియమం వచ్చింది. వరలక్ష్మీ వ్రతం పీట కడుగుతూ తడి చేతులతో చదివాను. ఎక్కడెక్కడి నుంచో ముఖం తెలియనివాళ్లు ఏఐ రాసిన మార్పులు కుప్పలుగా పంపుతున్నారట. ఒక్కోదాన్ని ఎవరో ఒకరు కూర్చుని చదవాలి. ఇది ఎందుకిలా రాశావని అడిగితే, ఆ జవాబు కూడా ఏఐ చేతే రాయించి పంపుతున్నారు. అందుకని ఇకమీదట యంత్రం రాసినవి తీసుకోము అని రాశారు. మేము చదివేది మార్పు బాగుపడడానికి మాత్రమే కాదు, పంపిన మనిషి ఎదగడానికి, మా మాట విని యంత్రం ఎదగదు అని రాశారు. ఇంతకుముందు అలా పంపినవాళ్లుంటే చెప్పండి, కలిసి దిద్దుకుందాం. దాచి దొరికితే మాత్రం ఇక మాతో ఉండలేరు.

ఆ చివరి వాక్యం దగ్గర నాకు ఊపిరి పట్టేసింది. నిజంగానే పట్టేసింది, మందు పీల్చాల్సి వచ్చింది.

మూడుసార్లు రాశాను, మూడుసార్లు చెరిపాను. నాకు పట్టా లేదు, బడి స్నేహితులు లేరు. నాన్న పోయాక నా లెక్క చూసి ఇది తప్పు, ఇది ఒప్పు అనే మనిషి భూమ్మీద ఆ కుప్పం అన్న ఒక్కడే. చెబితే ఆయన నాకు లేకుండా పోతాడు. చెప్పకపోతే దొరికేదాకా ఉంటాడు. ఇంతే నా లెక్క.

తర్వాత ఐదు నెలలు ఫోన్ మోగితే ముందు కుప్పం నుంచేమోనని చూసేదాన్ని. ఒక కుర్రవాడు, ఎక్కడో ఇంజినీరింగు చదువుతున్నాడట, ఏదో పంపాడు. ఈ మూడో లైను ఎందుకు రాశావని అన్న అడిగాడు. వాడు చెప్పలేకపోయాడు. మళ్లీ అడిగాడు, మళ్లీ చెప్పలేకపోయాడు. తీసేశారు. ఆ మాటలన్నీ అందరికీ కనబడేలా ఉంటాయి. పప్పు అడుగంటుతున్నా కదలకుండా చదివాను. ఆ కుర్రవాడి స్థానంలో నన్ను పెట్టుకుని చదివాను.

నాకు ఒక అలవాటుంది. సాయంత్రం దీపం పెట్టాక ఆ రోజు అందినవి ఒక్కొక్కటే చెప్పుకుంటాను. కుళాయి నీళ్లు వచ్చాయి, ఊపిరి ఆడింది, మా ఆయన బస్సు క్షేమంగా చేరింది, అమ్మాయి ఫోన్ చేసింది, నాకు నేర్పే మనిషిని ఇచ్చావు. నియమం వచ్చాక ఆ చివరి మాట దగ్గర నోరు ఆగిపోయేది. కొన్నాళ్లకు దాన్ని దాటేసి హారతి ఇవ్వడం మొదలుపెట్టాను. దేవుడి ముందు ఒక మాట దాటేసి, ఆయన గమనించలేదులే అన్నట్టు మిగతా పని చేసుకోవడం ఎలా ఉంటుందో చెప్పలేను. ఇంటికి చుట్టం వచ్చి కూర్చుని ఉంటే, ఒక గది తలుపు వేసిపెట్టినట్టు ఉండేది.

అదీ ఆ ఆదివారం నాటికి నా పరిస్థితి.

మంగళవారం మదనపల్లెలో తమ్ముడింట్లో తద్దినం జరిగింది. సరైన రోజున జరిగింది, అది నాన్న దయ. పిండం బయట పెట్టి అందరం తలుపు చాటున నిలబడ్డాం. కాకి రాలేదు. గోడ మీద ఒకటి కూర్చుంది, తల తిప్పింది, ఎగిరిపోయింది. నాన్నకు కోపం వచ్చిందని నాకు ఖాయంగా అనిపించింది. మరదలు పిల్లల్ని లోపలికి పొమ్మంది. నేను కళ్లు మూసుకుని, చెబుతాను నాన్నా, చెప్పేస్తాను అనుకున్నాను. కళ్లు తెరిచేసరికి కాకి ముట్టింది. అది మొక్కు విన్నదనను. కాకికి ఆకలేసి ఉంటుంది. కానీ మాట ఇచ్చేశాను.

పైగా ఉగాది రెండు నెలల్లో ఉంది. మా సాఫ్ట్‌వేర్ కొత్తది ఉగాదికే వస్తుంది. తద్దినాల భాగం అప్పటికింకా పరీక్షకని పెట్టుకున్న కొద్దిమంది ఫోన్లలోనే ఉంది. తమ్ముడి ఫోన్‌లో పెట్టింది నేనే. ఉగాదికి అది ఎవరెవరి ఇళ్లకో వెళ్తుంది. క్యాలెండరు చూసి దిద్దే అక్క ప్రతి ఇంట్లో ఉండదు. ఎవరో ఒకరు, ఎక్కడో ఒక ఊళ్లో, తప్పు రోజున తండ్రికి నీళ్లు వదులుతారు. ఆ నీళ్లు నా పేరు మీద ఉంటాయి.

ఆ సాయంత్రం ఇంటికి వచ్చి ముందు మా ఆయనతో చెప్పాను. చొక్కా విప్పి తగిలిస్తూ మొత్తం విన్నారు. ఆయనకు కోడ్ అంటే తెలియదు, తిథి అంటే నేను చెప్పిందే. కానీ వెంటనే అర్థమైంది.

"తప్పు టికెట్టు కొట్టినావు," అన్నారు. "చెకింగోళ్లు ఎక్కేలోపల నువ్వే జెప్పేయ్. వాళ్లు ఎక్కినాక జెప్తే దాన్ని జెప్పడం అనరు."

ఫోన్‌లో రాస్తానన్నాను. ఐదు నెలలుగా రాస్తానే ఉండావు గదా, రేపు కుప్పం డ్యూటీ నాదే, ఎక్కు అన్నారు.

ఒట్టి చేతులతో వెళ్లకూడదని, పెరట్లో కాసిన అనపకాయలు ఒక సంచి నిండా కోసుకున్నాను. పుష్యమాసం, మంచు ఇంకా విడవలేదు. బస్సులో ముందు సీట్లో కూర్చున్నాను. మా ఆయన అందరికీ టికెట్లు కొట్టుకుంటూ వచ్చి నా దగ్గర ఆగారు. ఆడవాళ్లకు ఇప్పుడు బస్సు ఉచితమే కానీ కార్డు చూపించాలి.

"ఆధార్ కార్డు తీయమ్మా."

"ఇంట్లో మర్చిపోయినా."

"అట్లయితే ఎవురో మాకెట్ల తెలుస్తాది? టికెట్టు కొట్టాల్సిందే," అన్నారు. వెనక సీటులో ఉన్నవాళ్లు నవ్వారు. నేనూ నవ్వబోయాను, ముఖం కదల్లేదు. ఆయన నిజంగానే టికెట్టు కొట్టి, తన జేబులోంచి డబ్బు సంచిలో వేసుకున్నారు. నన్ను నవ్వించడానికి అన్నారనుకున్నాను. కాదు, నియమం నియమమే. ఎవరికైనా, భార్యకైనా. అది చూసి నా భయం ఇంకా పెరిగింది.

పలమనేరు దాటాక వి.కోట దాకా రెండు వైపులా మల్బరీ తోటలు. కిటికీకి తల ఆనించి, టైరు పంక్చరైతే బాగుండుననుకున్నాను. ఆ వెంటనే బస్సులో ఉన్న అందరికీ మనసులో క్షమాపణ చెప్పుకున్నాను. ఏం చెప్పాలో వరుస పెట్టుకోబోతే మొదటి మాటే దొరకలేదు. సహస్రనామం మొదలుపెట్టి రెండుసార్లు ఒకే చోట తప్పిపోయాను. కుప్పం రాకూడదనుకుంటే తొందరగా వచ్చింది.

అంగడి రైల్వేస్టేషను దారిలో ఉంది. తలుపంత వెడల్పు. ఆయన ఒక కంటికి నల్లటి గొట్టంలాంటి అద్దం పెట్టుకుని, తెల్లగుడ్డ మీద విప్పిన గడియారం మీదికి వంగి ఉన్నాడు. నేను అనుకున్నదానికంటే పెద్దవాడు, గడ్డం మొత్తం తెల్లబడింది.

"గడియారమామ్మా?" అన్నాడు తల ఎత్తకుండా.

"గడియారం కాదన్నా. పుంగనూరు నుంచి వచ్చినా. తిథులు జూసేది నేనే."

లేచి నిలబడ్డాడు. ఆ సంతోషం చూడలేకపోయాను. స్టూలు తుడిచి వేశాడు, ఇంట్లోకి ఉర్దూలో ఏదో కేకేశాడు. లోపలి నుంచి ఆయన భార్య టీ తెచ్చి ఇచ్చి, సంచి అందుకుని వాసన చూసి మెచ్చుకుంది. ఒలిచి తెచ్చింటే ఇంగా మర్యాదగా ఉండును అని ఆయన నవ్వాడు. కొత్త ఉగాది పని గురించి చెప్పుకుపోతున్నాడు. ఈసారి తద్దినాల భాగమే అన్నిటికంటే గొప్పదని, కన్నడంవాళ్లు కూడా అడిగారని. టీ గ్లాసు నా చేతిలో చల్లారిపోయింది. ఆయన ఇంకొక్క మాట నా గురించి మంచిగా చెబితే ఇక నేను చెప్పలేనని తెలిసింది.

"ఆ భాగం నేను రాసింది కాదన్నా," అన్నాను. "ఏఐ రాసింది. నేను నా పేరు పెట్టి పంపినా."

 ఆయన కంటి అద్దం తీసి పక్కన పెట్టాడు. తెల్లగుడ్డ మీద పరిచిన చిన్న చిన్న చక్రాల మీద దుమ్ము పడకుండా గాజు గిన్నె బోర్లించాడు. అదంతా నెమ్మదిగా చేశాడు. ఆయన తిడితే బాగుండుననిపించింది.

"మూడు పొద్దులు సదివినా దాన్ని," అన్నాడు. "అంగడి మూసినాక, ఈడనే కూసోని. కండ్లు మండుతా ఉంటే. నువ్వింత దూరం వచ్చినావే అని సదివినా."

నేను తల దించుకున్నాను.

"కోడు నాకు యాల దొరకదమ్మా? నేను గూడా అడిగితే ఒక నిమిషంలో ఇస్తాది అది. నువ్వు నాలుగు లైన్లు పంపితే రెండు గంటలు కూసుంటాను గదా. ఆ రెండు గంటలు కోడుకా?"

  అసలు సంగతి ఇంకా మిగిలి ఉందని చెప్పి, నాన్న తద్దినం గురించి, బుధవారం గురించి, సూర్యోదయానికి కట్టిన లెక్క గురించి చెప్పాను. అప్పుడు ఆయన ముఖంలో కూడా భయం కనబడింది. ఇంకెవరికైనా చేరిందా అని అడిగాడు. పరీక్షకు పెట్టుకున్నవాళ్లకే అన్నాను. ఆయన పెదవులు కదిలాయి, దేవుణ్ణి తలుచుకున్నాడు. నేనూ తలుచుకున్నాను. ఆ క్షణం ఒక్కటే మేమిద్దరం ఒక పక్కన ఉన్నాం.

తర్వాత నా చేతిలోని టీ గ్లాసు తీసుకుని బల్ల మీద పెట్టాడు.

"రూలు రాసిన చెయ్యి నాదే," అన్నాడు. "ఆ పిల్లోణ్ణి తీసేసిందీ నేనే. నువ్వు తెలిసినదానివని ఊరకుంటే, వాణ్ణి యాల తీసేసినట్టు?"

"తీసెయ్యన్నా."

"నువ్వు జెప్పాల్సిన పన్లేదు అది." మొదటిసారి గొంతు గట్టిపడింది. మళ్లీ తగ్గింది. "వాడు దొరికినాడు. నువ్వు వచ్చినావు. ఐదు నెల్లు ఆలస్యంగా వచ్చినావు. రెండూ లెక్కలోకి వస్తాయి."

ఆయన చెప్పింది ఇది. తద్దినాల భాగం మొత్తం తీసేస్తాడు, ఉగాదికి అది ఉండదు. తిథుల భాగం నా చేతిలోంచి తీసుకుంటాడు. జరిగింది అందరికీ నేనే రాయాలి, నా మాటల్లో. వాళ్లు ఉండమంటే, మొదటి రోజు మాదిరి నాలుగు లైన్లతో మొదలుపెట్టాలి. చదువుతావా అన్నా అని అడిగాను. ఇప్పుడు జెప్పలేనమ్మా అన్నాడు. ఆ మాటలో కోపం లేదు. అలసట ఉంది. కోపమైతే పోతుందని ఆశ ఉంటుంది.

బస్టాండుకు వచ్చేసరికి మా ఆయన బస్సు పక్కన నిలబడి ఉన్నారు. చెప్పినా అన్నాను. తల ఊపి, తన డబ్బాలోని పెరుగన్నం నా చేతికి ఇచ్చి, బస్సు ఎక్కమన్నారు.

మర్నాడు తెలుగులో, ఉన్నదున్నట్టు రాసి పంపాను. కొందరు కఠినంగా రాశారు, వాళ్లు రాసింది న్యాయమే. ఇద్దరు ఉండమన్నారు.  కుప్పం నుంచి మాట లేదు.

ఆ రోజు నుంచి పొద్దున వంట అయ్యాక కూర్చున్నాను. పగటిని ఐదు భాగాలు చేస్తే నాలుగోది అపరాహ్ణం. కాగితం మీద చేతితో కట్టాను. వేళ్ల కణుపుల మీద చూసుకున్నాను. తర్వాతే కోడ్ ముట్టుకున్నాను. పదమూడు రోజులకు అంత చిన్న ముక్క వచ్చింది, ఆ రోజు అపరాహ్ణం ఎప్పుడు మొదలై ఎప్పుడు ముగుస్తుందో చెప్పే ముక్క. అది వచ్చాక మొత్తం చెరిపేశాను. మళ్లీ రాదేమోనన్న భయంతోనే చెరిపాను. రెండు రోజులకు మళ్లీ వచ్చింది. ఇంకోసారి చెరిపాను. మూడోసారి ఒక్క పూటలో వచ్చింది. నాలుగు లైన్లు పంపాను.

జవాబు రాలేదు. మాఘం పోయింది, ఫాల్గుణం పోయింది. ఉగాదికి కొత్తది వచ్చింది, తద్దినాల భాగం లేకుండా. ఎవరి తండ్రికీ తప్పు రోజు రాలేదని ఆ సాయంత్రం దేవుడికి చెప్పుకున్నాను. అది మనస్ఫూర్తిగా చెప్పగలిగాను. చివరి మాట మాత్రం అప్పటికీ దాటేశాను, ఈసారి వేరే కారణానికి. లేని మనిషిని ఇచ్చావని ఎలా చెప్పను?

ఉగాది వెళ్లిన ఆరో రోజు, పొద్దున, ఫోన్ మోగింది. కుప్పం నుంచి. అమ్మా అని లేదు, బాగుందని లేదు. ఒక్క వాక్యం ఉంది.

"రెండో లైనులో ఐదుతో ఎందుకు భాగించినావు?"

 ఆ కుర్రవాడు గుర్తొచ్చాడు. జవాబు నాకు తెలుసు. తెలిసినా వెంటనే రాయలేకపోయాను. తడి చేతులు కొంగుకు తుడుచుకుని, చాప మీద కూర్చుని, నాన్న ఎదురుగా ఉన్నట్టు ముందు పైకి ఒకసారి చెప్పి చూసుకున్నాను. తర్వాత రాశాను, పగటి ఐదు భాగాల సంగతి, నాలుగోదే ఎందుకో, అందులో భోక్తలు ఎప్పుడు కూర్చుంటారో. పంపాక ఫోన్ బోర్లించి పెట్టాను, తిప్పి చూడడానికి ధైర్యం చాలక.

సాయంత్రం దీపం పెట్టాను. నీళ్లు వచ్చాయి, ఊపిరి ఆడింది, బస్సు చేరింది, అమ్మాయి ఫోన్ చేసింది. ఆగాను. నన్ను అడిగే మనిషిని ఉంచావు, అన్నాను.  హారతి ఇచ్చి ఫోన్ తిప్పి చూశాను. ఇంకో ప్రశ్న వచ్చి ఉంది, మూడో లైను గురించి.